రద్దయిన నియోజకవర్గం చివరి జాబితా

చిన్నమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఉన్నది నేనొక్కణ్ణే. క్షేమమే. నువ్వు, అల్లుడుగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగిన మోకాలు నయం. వంట ఇంకా కుదరలేదు. ఒకరోజు ఉప్పు మరిచిపోతాను, మర్నాడు రెండుసార్లు వేస్తాను. సగటున సరిపోతోంది.

నేను రాసిన మన నియోజకవర్గం చరిత్ర అచ్చుకెందుకివ్వలేదని అడిగావు. ప్రాంతీయ పార్లమెంటులో మనకున్న ఆ సీటు ముప్పై రెండేళ్ళు బతికింది, ఏడు ఎన్నికలు చూసింది. ఈ ఏడాది సరిహద్దులు తిరగగీసి దాన్ని పక్కదాంట్లో కలిపేశారు. మొదటి సభ్యుడు రొట్టెల దుకాణం యజమాని. ఐదేళ్ళు పోరాడి వంతెన సాధించాడు. కట్టింది మాత్రం పక్క నియోజకవర్గంలో. నేను రిటైరయ్యాక రాసిన ఆ ప్రకరణం చదివి మీ అమ్మ పడీ పడీ నవ్వింది.

"గెలిచినవాళ్ళ గురించే రాస్తారేమండీ? ఓడినవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?" అంది. వాళ్ళకూ ఒక ప్రకరణం చేర్చాను.

పుస్తకం పూర్తయింది. చివరి ఎన్నికలో ఓటర్లెందరన్న అంకె దగ్గరే ఆగిపోయాను.

ఎన్నికల కార్యాలయంలో ఇరవై ఎనిమిదేళ్ళు నా పని, పోయినవాళ్ళ పేర్లు జాబితాలోంచి కొట్టేయడం. "మా ఆయన యముడి గుమాస్తా" అని అమ్మ అందరికీ చెప్పేది. చావు కబురు ఆలస్యంగా తెచ్చినవాళ్ళను కసురుకున్న రోజులున్నాయి.

నీకు చెప్పనిది ఒకటుంది. అమ్మ పోయిన రెండో నెలలో, ఆ చివరి ఎన్నికకు ముందు, జాబితా సరిచూసే ఉద్యోగిని ఇంటికొచ్చింది. కొత్త మనిషి, మన సంగతి తెలియదు.

"మేడమ్ గారున్నారా సార్?"

"లోపల పడుకుంది."

టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు వేసి, నిజంగానే లోపలికెళ్ళి చూశాను.

జాబితా అలాగే అచ్చయింది. నా పేరు కింద ఆమె పేరు. ఆ పేరుతో ఇంకెవరైనా ఓటేస్తారేమోనని పోలింగ్ రోజు సాయంత్రం దాకా బూత్ ఎదుటే కూర్చున్నాను. ఎవరూ వేయలేదు. ఇప్పుడా పేరు కొత్త నియోజకవర్గం జాబితాలోకీ వెళ్ళింది.

పుస్తకంలో ఆ ఓటర్ల అంకెను ఒకటి తగ్గించి రాశాను. ఎందుకు తగ్గించానో ఆ పేజీ అడుగున నా పేరుతోనే రాసి ఒప్పుకున్నాను. అమ్మ పేరు తొలగించమనే దరఖాస్తు ఈ కవర్లోనే పెడుతున్నాను. అన్నీ నింపి సంతకం చేశాను. మూడుసార్లు పోస్టు డబ్బా దాకా వెళ్ళి జేబులోనే తిరిగి తెచ్చాను. నువ్వు అక్కణ్ణుంచి పంపించెయ్ తల్లీ. ఏ రోజు పంపావో మాత్రం నాకు రాయకు.

ఇట్లు,
మీ నాన్న