లంకలో కౌబాయ్ తాతయ్య

జనవరి 18
గుర్రం వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల గుర్రం... బ్యాండు మోగితే గానీ అడుగెయ్యదు. డైరెక్టర్ శేఖర్ తల పట్టుకున్నాడు. కౌబాయ్ సినిమా, అదీ మా తాతయ్య కథ. గుర్రమెక్కి తుపాకీతో గోదావరి లంక కాపలా కాసి, పంటదొంగని ఒక్క దెబ్బకి పడగొట్టిన తాతయ్య. రాసింది నేనే. నాన్నగారి సంబరం చూడాలి!

జనవరి 20
సినిమాలో ఆ పంటదొంగ తల్లి వేషానికి మేరీ టీచరుగారిని అడిగాను. నాలుగో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు. కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీశారు.
"ఆయ్, బాగా రాసేవు బాబూ. కానీ ఆ దొంగ మా నాన్నే."
వరద తీశాక కొత్త మేట వేస్తే, ముందు విత్తినవాడిదే సాగు. లంకల్లో అదే పద్ధతి. ఆయన అందరికంటే ముందు వెళ్ళారట. చేతిలో పుచ్చగింజల సంచి తప్ప ఏమీ లేదట. "మీ తాతగారు వెనకనించి కాల్చేరు."
తాతగారు... ఇప్పటికీ 'గారు'!

జనవరి 21
ఏడాదంతా ఎక్కాలు నేర్పారు. నేనెవరి మనవణ్ణో తెలిసే. నా నోటుబుక్కు దిద్దుతూ ఏమనుకునేవారో... అడగలేను.

జనవరి 22
శేఖర్‌కి చెప్పాను. ఎగిరి గంతేశాడు. "అదిరిందిరా! హీరో అనుకున్నవాడే హంతకుడు. ఇదే తీద్దాం."
ఒళ్ళు మండింది. వాడి మీదో, నా మీదో తెలీదు. నిజం చూపించాలి, సరే. కానీ తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని వాడపల్లి తీర్థమంతా తిప్పారు. తుపాకీ ఆనించిందీ ఆ భుజానికేగా. ఈ ప్రేమని ఎక్కడ పెట్టుకోను?

జనవరి 24
నాన్నగారితో అనేశాను. టీచరుగారి నాన్న దొంగ కాదట, సంచిలో ఉన్నవి గింజలేనట.
కొబ్బరి మట్టలు పోగేస్తున్నారు. తల ఎత్తలేదు.
"తెలుసురా. ఇసకలో ఏరింది నేనే. ఎనిమిదేళ్ళు నాకు. మీ తాతగారు ఏరమన్నారు."
మట్టలు మోపు కడుతూ, "ఆ యేడు అవి మనమే వేసేం."

జనవరి 25
అన్నం సయించలేదు.

జనవరి 27
రేపే తాతయ్య కాల్చే సీను. "మా నాయనమ్మలా ఏడవాలి, అంతే కదా? వస్తాను" అన్నారు టీచరుగారు. నాన్నగారు కూడా వస్తారట. నిజమే తియ్యమని అనలేదు, వద్దనీ అనలేదు. తాతయ్య డైలాగు రెండు రకాలుగా రాసి రెండూ కొట్టేశాను.
ఎండకి లంకలో ఒక్కటే పాక. అందులో ఇద్దరికీ కుర్చీలు వేయించాలి. పక్కపక్కన వెయ్యమననా...