మా సెంటర్ ఏ జట్టుకూ వెళ్ళలేదు

కళాశాలల క్రీడాధికారి గారి సముఖమునకు, కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చే సీజనుకు మా జట్టు పరిస్థితి, కొత్త ఆటగాళ్ళ ఎంపిక, మరియు తమ కార్యాలయపు నోటీసులో దొర్లిన ఒక తప్పు సవరణ గురించి.

పై విషయమై తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. వచ్చే సీజనుకు జట్టు ఎలా ఉండబోవుచున్నదో తెలియజేయమని తమ కార్యాలయం అడిగినది. బాగాలేదు. ఒక్క మాటలో చెప్పాలంటే అంతే. కానీ ఒక్క మాటలో చెప్తే ఏమవుతుందో ఈమధ్యే తెలిసొచ్చింది కనుక వివరంగా వ్రాయుచున్నాను. కెప్టెన్ చదువు పూర్తయి వాళ్ళ పెదనాన్న టైర్ల దుకాణంలో కూర్చున్నాడు. బంతిని ముందుకు నడిపించేవాణ్ణి పిల్లలు ఉడుత అంటారు, వాడికి మోకాలు తిరిగింది, డాక్టరు మెట్లు కూడా చూసి దిగమన్నాడు. అవతలివాళ్ళను అడుగు ముందుకు వేయనివ్వక గోడ అని పేరు తెచ్చుకున్నవాడు, పెద్ద కళాశాల వారు పిలిస్తే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. మిగిలినవారు ఓడిపోవడానికి సరిపడా ఉన్నారు. హాలులో సగం దీపాలు వెలగవు, రింగు ఒక పక్కకు వాలింది. అవన్నీ పాత అర్జీల్లో ఉన్నవే గనుక మళ్ళీ విసిగించను.

2. సెంటర్ గురించి. రింగు కింద నిలబడి ఆడే పొడగరిని మా ఆటలో సెంటర్ అంటారు. ఇది తమకు ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, 'కొత్త సెంటర్ కావలెను' అని నేను వ్రాసినదానికి, పరీక్ష సెంటరు మార్పు కోసం వేరే విభాగాన్ని సంప్రదించమని జవాబు వచ్చినది. పిల్లలకు చదివి వినిపించాను. చాన్నాళ్ళ తర్వాత నవ్వారు. ఆ మేరకు తమకు కృతజ్ఞుణ్ణి.

3. మా సెంటర్‌ను అందరూ నిచ్చెన అనేవారు. ఇంకో ఏడాది ఆడవలసినవాడు. ప్రాక్టీసు అయ్యాక ఒక గోదాములో సరుకు దించే పనికి వెళ్ళేవాడు. ఆ గోదాముకు నిప్పంటుకుంది. బయటికి తీసినవాళ్ళలో మావాణ్ణి గుర్తుపట్టడానికి వాళ్ళ బాబాయి, నేను వెళ్ళాం. మొహం చూసి చెప్పే స్థితి లేదు. పొడుగు చూసి చెప్పాను. అంత పొడుగు మనిషి అక్కడ ఇంకొకడు లేడు. అయ్యా, ఎత్తు చూసి మనుషుల్ని ఎంచడమే నా ఉద్యోగం, ఆ ఉద్యోగం అక్కడ చేయవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. వాళ్ళమ్మ చూసి తట్టుకోలేదని బాబాయి పట్టుబట్టాడు. గుడ్డ విప్పకుండానే సాగనంపాం.

4. సీజను చివర మామూలుగా పంపే నివేదికలో నేను ఇలా వ్రాసినాను: 'గోడ వెళ్ళిపోయాడు. నిచ్చెన పోయాడు.' (నివేదికలో అసలు పేర్లే వ్రాసినాను.) మన మాట తెలిసిన ఏ ఇంట్లోనైనా ఈ రెండింటికీ తేడా విప్పి చెప్పనక్కరలేదు. 'మరణించినాడు' అని వ్రాయవలసింది, నిజమే. చెయ్యి రాలేదు. తమ గుమాస్తా గారు మాత్రం ఇద్దర్నీ ఒకే గాటన కట్టి 'ఇతర జట్లకు వెళ్ళినవారు' అనే శీర్షిక కింద వేశారు.

5. దానివల్ల జరిగినవి రెండు. మొదటిది, నిచ్చెన జట్టు మారిన వివాదం తేలేవరకు మేము కొత్త సెంటర్‌ను చేర్చుకోరాదని ఉత్తర్వు వచ్చినది. అప్పటికే ఎండలో పడి తిరిగి ఇద్దర్ని చూసి వచ్చి ఉన్నాను. ఒకడికి ఎత్తుంది గానీ బంతిని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. రెండోవాడు బేకరీలో పిండి పిసుకుతాడు. చేతులు మంచివి, నేర్పితే వస్తాడు. వాణ్ణి రమ్మన్నది నేనే, తీరా వచ్చాక ఆగమన్నదీ నేనే. "ఖాళీ ఉందన్నారు కదా సార్" అన్నాడు. ఖాళీ ఉంది, లేనట్టు లెక్క అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు, నాకూ కాలేదు.

రెండవది, తమ నోటీసు నేరుగా నిచ్చెన ఇంటికి చేరింది. 'మీ కుమారుడు అనుమతి లేకుండా వేరొక జట్టు తరఫున ఆడుచున్నట్లు తెలియవచ్చినది. అతనిని వెంటనే హాజరుపరచవలెను.' కింద సంతకం, ముద్ర.

6. వాళ్ళమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఇస్త్రీ చేస్తుంది. చదవడం, రాయడం వచ్చిన మనిషే. ఆ నోటీసు పట్టుకుని ప్రాక్టీసు మధ్యలో హాల్లోకి వచ్చింది. పిల్లలు బంతి ఆపేశారు.

"ఏ జట్టు సార్?" అంది.

నోటీసు అందుకుని చదివాను.

"పోనీ జట్టు పేరు చెప్పకండి. బనీను రంగు చెప్పండి చాలు. నేను వెతుక్కుంటా."

"అమ్మా, అది ఆఫీసు వాళ్ళ పొరపాటు."

"ఆఫీసు వాళ్ళు సంతకం పెట్టి మరీ రాశారు. మీరూ మా మరిదీ కలిసి నాకు వాడి మొహం చూపించకుండా చేశారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. మీరేమైనా తిట్టారా వాణ్ణి? తిట్టే ఉంటారు. లేకపోతే నాకొక్క మాట చెప్పకుండా ఎందుకు వెళ్తాడు?"

"కనుక్కుంటానమ్మా" అన్నాను. అంతకంటే పిరికి మాట నేను పుట్టి బుద్ధెరిగాక అనలేదు.

7. అప్పటినుంచి ఆమె ఎక్కడ ఆట ఉంటే అక్కడికి వెళ్తోంది. ఆడపిల్లల ఆటలకు కూడా వెళ్ళి కూర్చుంటోంది. రింగు కింద నిలబడ్డవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి, కాదనుకుని లేచి వస్తోంది. ఇస్త్రీ పని ఊడేలా ఉందట. ఉడుత ఆ కాలితోనే కుంటుకుంటూ వెంట వెళ్ళి ఇంటి దగ్గర దిగబెట్టి వస్తున్నాడు. మరిదిని గడప తొక్కనివ్వడం లేదు. నేను చెప్తే నమ్మదు, నేను వాడి మొహం దాచినవాణ్ణి. ముద్ర వేసిన కాగితాన్ని నమ్మింది గనుక ఆ కాగితాన్ని ఇంకో ముద్ర వేసిన కాగితమే కాదనాలి.

8. కావున తమరు దయతో ఆ నోటీసును రద్దుపరచి, మావాడి పేరును 'వెళ్ళినవారు' నుండి తీసివేసి, 'మీ కుమారుడు మరణించినాడు, ఏ జట్టులోనూ ఆడుట లేదు' అని ఆమెకు జాబు పంపవలెనని ప్రార్థన. 'కీర్తిశేషులు', 'దివంగత' వంటివి వేయించకండి. సూటిగా ఉండాలి. ఆ తర్వాత వీలు చూసుకుని బేకరీ కుర్రవాణ్ణి చేర్చుకునేందుకు అనుమతి ఇప్పించండి. ఇవ్వకపోతే ఈ ఏడాది జట్టు లేదు, అంతే కదా, ఎవరూ చావరు. జాబు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. దాన్ని ఫైళ్ళ కింద పెట్టకండి. మనిషి నా కళ్ళ ముందే చితికిపోతోంది, నాకు చూడటం చేతకావడం లేదు.

ఈ సంగతులన్నీ చిత్తగించవలెను. అన్నిటికీ తీరిక లేకపోతే ఆరవ అంశమొక్కటైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాస్కెట్‌బాల్ కోచ్

తా.క.: ఈ అర్జీ కవరులో పెడుతుండగా ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి గొడవేమీ పడలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చుని, "వచ్చే వారం ఆటలెక్కడ సార్?" అని అడిగింది. పొరుగూళ్ళో ఉన్నాయి. చెప్తే బస్సెక్కుతుంది. తమ జాబు వచ్చేలోపు ఇంకెన్ని ఊళ్ళు తిరుగుతుందో అనిపించింది.

"చనిపోయాడమ్మా. నేను కళ్ళారా చూశాను" అన్నాను.

చాలాసేపు నా మొహంలోకే చూసింది. ఏడవలేదు. "నొప్పి తెలిసిందా వాడికి?" అంది.

"తెలియలేదమ్మా. మంటలు రాకముందే పొగకు స్పృహ తప్పిందట. డాక్టరు చెప్పాడు" అన్నాను.

ఏ డాక్టరూ నాతో ఆ మాట అనలేదు. పై సమాచారానికి నా వద్ద ఎటువంటి ఆధారమూ లేదు. తమరు ఆమెకు పంపబోయే జాబులో దయచేసి ఇదే వ్రాయించండి.