తని ఆవర్తనానికి తలుపు గడియ

బ్రూక్‌ఫీల్డ్,
ఫిబ్రవరి 10

గౌరవనీయులైన చెన్నరాయప్ప గారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీరు నన్ను ఎరగరు. ఆదివారం మా అపార్ట్‌మెంటు హాల్లో మీ పాట కచేరీ విన్నాను. నీళ్ళ ట్యాంకర్ల మీటింగనుకుని వచ్చి, ముందు వరుసలో కూర్చున్నాక లేవడం మర్యాద కాదని ఉండిపోయాను. మాట్లాడితే గొంతు అరిగిపోతుందని మీరు ఫోను వాడరట. కచేరీ కార్డు మీద మీ దేవనహళ్ళి చిరునామా ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

సంగీతం నాకు తెలియదు. కానీ ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఎవరి గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పగలను. మీది పొట్టలోంచి వస్తోంది. వచ్చింది పందొమ్మిది మందే అయినా ఊరంతా వచ్చినట్టు పాడారు.

ఆ జనం చేసిన పనికి మాత్రం నాకు ఒళ్ళు మండింది. మీరు పెద్ద పాట ముగించి, మృదంగం ఆయన ఒక్కరే వాయించడం మొదలుపెట్టగానే ఒకరి వెనక ఒకరు లేచారు. మా చర్చిలో పాస్టరు గారి ప్రసంగం ఎంత సాగినా మేమలా లేవం. వెళ్ళి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. పసుపు జుబ్బా ఆయన ఒకరు "బయట పని ఉండాది, తీయమ్మా" అని మూడుసార్లు అడిగారు. "రౌండ్సు అయ్యేదాకా వార్డులో ఎవరూ కదలకూడదు" అన్నాను. కూర్చున్నారు. ఇరవై రెండు నిమిషాలు ఒక్కరూ కదల్లేదు.

మీరు ధైర్యంగా పాడండి. నేనున్నాను.

మీ సహోదరి,
ప్రిస్కిల్లా, రిటైర్డ్ హెడ్ నర్సు

తా.క.: జుబ్బా ఆయన కాఫీ కావాలన్నారు. షుగరుందా అని అడిగితే ఉందన్నారు. నాడి చూసి మంచినీళ్ళిచ్చాను.


దేవనహళ్ళి,
ఫిబ్రవరి 14

ప్రిస్కిల్లా అమ్మగారికి చెన్నరాయప్ప నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం అందేదాకా ఇంకా క్షేమంగా ఉండేవాళ్ళం.

ఆ రోజు జనం ఎందుకు బయటికి పోలేదో నాకు అర్థం కాలేదు. తలుపు బిగుసుకుపోయిందేమో అనుకున్నాను. మృదంగం ఒక్కటే మోగే ఆ భాగాన్ని తని ఆవర్తనం అంటాం. అప్పుడు లేచి కాఫీకి పోవడం అమర్యాద కాదమ్మా, ఆనవాయితీ. కాంటీను వాళ్ళు బతికేదే తని మీద.

ఆ పసుపు జుబ్బా ఆయన పేరు హేమంత్‌కుమార్, ఒక పెద్ద సంగీత సభకు సెక్రెటరీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ సభ రామనవమి కచేరీల్లో నాకు దక్కేది మధ్యాహ్నం రెండు గంటల వేళ. అప్పుడు వినేది పందిరి వేసినవాళ్ళు, అదీ నిద్రలో. ఒక్కసారి సాయంత్రం పూట పాడాలని నా ఆశ. నాకు అరవై మూడు, ఇంకెన్నాళ్ళు ఆగుతాను? తనికి ఆయన బయటికి రాగానే మాట కదపాలని మా ఆవిడ సొన్నమ్మ ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో మైసూరుపాకు పట్టుకుని తలుపు అవతల నిలబడింది. మీరు ఇవతల నిలబడ్డారు. కచేరీ అయ్యాక ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కారు.

"ఆయప్ప లోపలే ఉండాడు, తలుపే తెరుచుకోలేదు, నేనేం చేసేది?" అని సొన్నమ్మ ఇల్లు చేరేదాకా అంటూనే ఉంది.

మీరు మంచి మనసుతో చేశారు. ఇక దయచేసి వదిలేయండి.

ఇట్లు,
చెన్నరాయప్ప

తా.క.: ఆయనకు షుగరున్న సంగతి మాకు తెలియదు. ఆ మైసూరుపాకులో నెయ్యి కంటే చక్కెరే ఎక్కువ. ఆ లెక్కన ఒక ప్రాణం కాపాడారు.


బ్రూక్‌ఫీల్డ్,
ఫిబ్రవరి 18

గౌరవనీయులైన చెన్నరాయప్ప గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. వదిలేయమన్నారు. పేషెంటు వదిలేయమంటే నర్సు వదిలేస్తుందా? రెండు బస్సులు మారి హేమంత్‌కుమార్ గారి సభ ఆఫీసుకు వెళ్ళాను. ఆయన లేరు. క్షమాపణ రాసిచ్చి వచ్చాను. మీకోసం నకలు దించాను:

"అయ్యా, తలుపు గడియ పెట్టింది నేను. పాడినాయనకు ఏ సంబంధమూ లేదు. చెన్నరాయప్ప గారి కచేరీలోంచి ఎవరైనా, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళుగా వెళుతూనే ఉన్నారు, ఆయనకు అలవాటే. కాబట్టి ఆయనకు సాయంత్రం వేళ ఇప్పించ ప్రార్థన."

ఇంతకంటే వినయంగా రాయడం నాకు చేతకాదు.

మీ సహోదరి,
ప్రిస్కిల్లా

తా.క.: కాగితం అడుగున కాస్త జాగా మిగిలితే, మృదంగం ఆయన వాయిద్యం చాలా బాగుందని ఒక ముక్క రాశాను. తలుపు దగ్గర నేనూ విన్నాను కదా.


దేవనహళ్ళి,
ఫిబ్రవరి 21

ప్రిస్కిల్లా గారికి,

క్షేమసమాచారాలు రాసే ఓపిక లేదు. హేమంత్‌కుమార్ గారి నుంచి కార్డు వచ్చింది. "మీ కచేరీలో జనం లేచిపోవడం గురించిన ఉత్తరం అందినది. గురువారం మృదంగం ఆయనతో వచ్చి కలవండి." అంతే. ఇద్దరినీ ఒకేసారి సాగనంపుతారు కాబోలు. మధ్యాహ్నం రెండు గంటలు కూడా పోయినట్టే.

నా కోపం మీ మీద కాదని రాయబోయాను. కానీ మీ మీదే. పేరు రాకపోయినా సర్దుకున్నాను. పాడే చోటే లేకపోతే తట్టుకోలేను. ఇక నా తరఫున ఎవరికీ ఏమీ రాయకండి. ఏ తలుపూ మూయకండి, తెరవకండి.

చెన్నరాయప్ప

తా.క.: "ఆయమ్మ మన కోసరమే కదా తిరిగింది, అంత కోపంగా రాసేదా?" అంటోంది సొన్నమ్మ. ఆమె తరఫున నమస్కారాలు. నా తరఫున లేవు.


బ్రూక్‌ఫీల్డ్,
ఫిబ్రవరి 24

చెన్నరాయప్ప గారికి వందనాలు.

మీరు చెప్పినట్టే ఏమీ చేయడం లేదు. గురువారం కూడా ఇంట్లో కూర్చుని ఏమీ చేయకుండా ఉంటాను. నాకిది చాలా కష్టంగా ఉంది.

ప్రిస్కిల్లా

తా.క.: ప్రార్థన చేసుకోవచ్చునా? అది కాగితం మీద పెట్టేది కాదు.


దేవనహళ్ళి,
మార్చి 9

ప్రిస్కిల్లా అక్కగారికి చెన్నరాయప్ప, సొన్నమ్మల నమస్కారాలు. ఈసారి నా తరఫున కూడా.

రామనవమి కచేరీల కార్డు అచ్చయ్యేదాకా ఆగి రాస్తున్నాను. ఆ గురువారం పెద్దమునియప్పను వెంటబెట్టుకుని పోయాను. ఇరవై ఆరేళ్ళుగా నాకు మృదంగం ఆయనే. హేమంత్‌కుమార్ గారు కుర్చీ చూపిస్తే కూర్చోబోయాను. "మీకు కాదప్పా, ఆయనకి" అన్నారు.

తర్వాత ఇలా అన్నారు: "ఇరవై ఏండ్లుగా సెక్రెటరీగా ఉండాను. తని మొదలయితే కాఫీకి పోయేదే గానీ వినింది లేదు. ఆయమ్మ కూర్చోబెట్టింది కాబట్టి విన్నాను. ఇట్లాంటి చేతులు పెట్టుకోని ఈయప్ప ఇన్నేండ్లు ఎక్కడ ఉండాడు?"

నా పక్కనే ఉన్నాడక్కా.

రామనవమి రెండో రోజు సాయంత్రం ఆరు గంటల వేళ పెద్దమునియప్పకు ఇచ్చారు. తనిని గంటసేపు వాయించాలట, కాంటీను మూసేస్తారట. మరి పాడేందుకు ఎవరిని పిలుద్దామని ఆయన్నే అడిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. "చెన్నరాయప్పే కావల్ల. తాళం తప్పడు" అన్నాడు పెద్దమునియప్ప. బాగా పాడతాడని మాత్రం అనలేదు.

అక్కా, సిగ్గు విడిచి ఒక మాట రాస్తున్నాను. ఇరవై ఆరేళ్ళూ తని వేళ నా చెయ్యి తాళం వేస్తూనే ఉంది, మనసు మాత్రం తర్వాత ఏ కీర్తన పాడాలా అని వెతుక్కుంటూ ఉంది. వేదిక మీద ఉన్నాను కాబట్టి లేవలేదు గానీ, లేచిపోయినవాళ్ళకూ నాకూ తేడా లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "ఈ పొద్దు నా పాట ఎట్లుండె?" అని అడిగేవాణ్ణి. "బాగుండె అప్పా" అనేవాడు. నీ వాయిద్యం ఎట్లుండెనని నేను ఏనాడూ అడగలేదు. నిన్న ఆయన ఇంటికి పోయి, తాళం వేయకుండా చేతులు కట్టుకుని అరగంట విన్నాను. నాకు ఏడుపొచ్చింది.

మీరు తప్పకుండా రావాలి. మీ చర్చివాళ్ళను కూడా తీసుకురండి.

మీ తమ్ముడు,
చెన్నరాయప్ప

తా.క.: కార్డు ఇందులో పెట్టాను. పెద్దమునియప్ప పేరు, ఫోటో మీకు వెంటనే కనబడతాయి. నా పేరు కూడా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని బాగా కింద, కార్డు వేసిన ప్రెస్సు పేరుకు కాస్త పైన చూడండి.