మహిమకు పీట

నాయనా, నేనూ నీ మనవరాలు మహిమా క్షేమం, దిగులు పడొద్దు. అహోబిలం కొండల వెనుక ఈ పీటలకోటలో వంటపని కుదిరింది. ఇక్కడ పుట్టినరోజు బిడ్డను హోదాకు తగ్గ ఎత్తు పీట మీద కూర్చోబెడతారు. మొన్న మహిమ పుట్టినరోజున దొరసాని నేల చూపించి, "పనోళ్లకు పీట యాడుండాది?" అంది.

"అట్లయితే నిలబడుకోనే ఉంటా" అంది మహిమ.

ఎవరి బిడ్డకైనా ఊరంతా రావాలి, బిడ్డ కూర్చోనిదే ఎవరూ కూర్చోకూడదు. అదీ వాళ్ల ఆచారమే. దొరసానితో సహా పొద్దుగూకేదాకా అందరూ నిలబడ్డారు!

నీ చేత్తో వేపచెక్క పీట చేసి డోన్ బస్సులో పంపు. దొరసానిది బెత్తెడు ఎత్తు, మనది జానెడుండాలి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? శెనక్కాయ పీకారా? సంఘంలో అందరికీ వందనాలు చెప్పు.

పీట ఆలస్యం చేయకు. మహిమ ఇంకా నిలబడే అన్నం తింటోంది.

నీ కృపమణి