మునిరాజు బస్సు పాసు

మంగళవారం రాత్రి

ఈ వయసులో నా నోటికి నేనే భయపడుతున్నాను.

పొద్దున తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి మా మనవడు మునిరాజు గురించి అడిగాడు. పిల్లనిచ్చేవాళ్లు ముందు చెప్పకుండా మనిషిని పంపి విచారించడం మాలో మామూలే. అలాంటివాడే అనుకుని కాఫీ ఇచ్చాను.

"అబ్బాయి కాలు ఎట్లుంది, తాతా?" అన్నాడు.

"పుట్టినప్పుడు రవ్వంత వంకర ఉండె సార్. ఇప్పుడు మేకపిల్లే. వాడు పరిగెత్తితే బస్సు వెనకబడతాది."

ఆయన నవ్వకుండా చేతిలోని ఫైల్లో రాసుకున్నాడు. "బస్సు పాసు రెన్యువల్‌కి విచారించేదానికి వచ్చినాను," అని చెప్పి వెళ్లిపోయాడు.

మా ముసల్ది తల కొట్టుకుంది. "పిల్లనిచ్చేటోడు ఫైలు తెస్తాడా? నీ ఎగతాళి వాని కూడు తీసేస్తాది సూడు."

మునిరాజు కృష్ణగిరిలోని కంపెనీకి రోజూ పోయి రావడానికి గవర్నమెంటు ఇచ్చిన ఉచిత పాసు అది. కాలు బాగాలేదనే ఇచ్చారు. అది రద్దయితే టికెట్లకే జీతం చాలదు. వాడు పని మానుకోవాల్సిందే.

సాయంత్రం వాడు కర్ర ఊతంతో మెట్లెక్కుతూ, "ఎవురన్నా వచ్చినారా, తాతా?" అన్నాడు.

"ఎవురూ రాలేదు రా," అన్నాను.

రేపు ఆ పాసుల ఆఫీసుకు పోయి, నా మనవడు కుంటివాడు సార్ అని చెప్పాలి. ఆ మాట అన్నవాళ్ల మీదికి ఇన్నేళ్లూ చెప్పు తీసినవాణ్ణి నేనే. వాణ్ణి కూడా పిలుచుకురమ్మంటే, వాడి ముందర ఎలా చెప్పను...