బ్రౌజర్ బాగైంది

లాస్య నాయినకు,

నువ్వు ఫోనెత్తడం లేదని ఈ ఉత్తరం రాసి, భూపాలపల్లి బస్సులో నీకు పంపే తొక్కు డబ్బా సంచిలో పెడుతున్నాను.

మన ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరవగానే ఒంటరి ఆడవాళ్ల ఫొటోల పేజీ వస్తుంటే నిన్ను అనరాని మాటలన్నాను. నిన్న పక్క జిరాక్స్ సెంటర్ సుమలతను పిలిచి చూపించాను.

"గిది అన్న చూసేది కాదక్కా. ఏదో ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని మాల్‌వేర్ వచ్చి మొదటి పేజీని మార్చింది. ఊకె పరేషాన్ గాకు," అంది.

తెలియని ఎక్స్‌టెన్షన్ తీసేసి, సెట్టింగులు మళ్లీ మొదటిలా చేసింది. ఆ ఆడవాళ్లందరూ పోయారు. సుమలత ఒక్కతే మిగిలింది.

మొదట ల్యాప్‌టాప్ తెరవగానే అది పాస్‌వర్డ్ అడిగితే, నేను చెప్పేలోపే తనే టకటకా కొట్టింది. పెళ్లైన కొత్తలో నువ్వు నాకు పెట్టిన ముద్దుపేరే ఆ పాస్‌వర్డ్. మీ అవ్వకు కూడా తెలియదు.

లాస్య అమ్మ