ఇసుర్రాయి కూడా వైద్యమేనని ఒక కాగితం

మహారాజశ్రీ సూర్యాపేట సర్కారు దవాఖాన డాక్టరు గారి సముఖమునకు,

పెన్‌పహాడ్ గ్రామ నివాసి బిక్షపతి భార్య కస్తూరి, వయస్సు పంతొమ్మిది, అయిదవ తరగతి వరకు చదివినది, వ్రాసుకొను అర్జీ.

తేది 9-2-1965, మంగళవారం.

అయ్యా,

విషయం: మా అత్త రుక్కమ్మ, వయస్సు సుమారు అరవై రెండు, ఇసుర్రాయి తిప్పుట, నీళ్లు తోడుట, చెలకకు నడుచుట తమరు చెప్పిన వైద్యమే గాని కోడలు పెట్టిన బాధ కాదని, ఈ శుక్రవారం లోపల తమ ముద్రతో కాగితం ఇప్పించుట గురించి.

మనవి ఏమనగా, నా పెనిమిటి సాగరు కాలువ మట్టిపనికి మిర్యాలగూడ దిక్కు పోయినాడు. నెలకు ఒక్కసారి వస్తాడు. ఇంట్లో మగదిక్కు లేదు. అర్జీలు రాసేవారి ముందర కూర్చుండి ఈ సంగతి చెప్పుకొనుటకు నాకు నోరు రాదు. అందుచేత నేనే రాసుకొంటున్నాను. తప్పులుంటే మన్నించవలెను.

1. మా మామ పోయి రెండేండ్లు అయినది. ఆనవాయితీ ప్రకారం అత్తను మూలకు కూర్చోబెట్టినారు. కూర్చోవలసిన దినాలు తీరినా ఆమె మూల విడువలేదు. పొద్దున్నే బయటికి పోయేవారికి తాను ఎదురు పడితే బాగుండదని ఆమెకే బెరుకు. మేము కూడా, ఇన్నేండ్లు కష్టపడ్డ మనిషి, ఇక కూర్చోనీ అనుకొన్నాము. ఏడాది తిరిగేసరికి మోకాళ్లు బిగుసుకపోయినవి. కుడిచేయి భుజం దాటి లేవలేదు. కొప్పు నేనే పెట్టేదాన్ని. గోడ పట్టుకొని లేస్తే పది అడుగులకే ఆయాసం. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి.

2. దసరా పోయిన వారం ఆమెను తమ దవాఖానకు తీసుకవచ్చినాను. రోజుకు ఎందరో వస్తారు గనుక తమరికి యాది ఉండకపోవచ్చును. తమరు ఆమె గుండె చూసి, మోకాళ్లు వంచి చూసి, నాతో ఇట్లా అన్నారు. "ఈమెను కూర్చోబెట్టకండమ్మా. గుండె బాగానే ఉంది. పని లేక కీళ్లు పట్టేశాయి, కండ కరిగిపోయింది. రోజూ చేతులు గుండ్రంగా తిప్పించు. కూర్చోబెట్టి లేపు. రెండు పూటలా నడిపించు. కొద్దికొద్దిగా పెంచాలి. ఆయాసం వస్తే ఆపాలి. ఈ వయసులో బిళ్లలకంటే ఇదే ముఖ్యం."

తరువాత తమరు "రాసివ్వనా?" అని అడిగినారు. నేను వద్దని తల ఊపినాను. చదవరాక కాదు. చుట్టూ పదిమంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. "రాసియ్యండి" అనే ఒక్క మాటకు నా నోరు పెగలలేదు. నా కష్టానికంతా మూలం ఆ తల ఊపుడే. తమ తప్పు ఏమియు లేదు.

3. ఇంటికి వచ్చినాక, తమరు చెప్పినట్లు చేతులు తిప్పుమంటే అత్త వినలేదు.

"ఉత్తగ చేతులు తిప్పుకుంట కూసుంటె రుక్కమ్మకు గాలి సోకిందంటరు."

"పోనీ జర నడువు అత్తా."

"ఏడికి?"

"ఏడికి లేదు. గోడ దాక పోయి రా."

"గోడ కాడ ఏమున్నది పిల్లా?"

మా దిక్కు మనుషులు పని ఉంటే నడుస్తారు గాని నడుచుటకని నడువరు. రెండు రోజులు ఆలోచించి, మూడవ రోజు ఇసుర్రాయి ముందర పీట వేసి పిడికెడు జొన్నలు పోసినాను. "పిండి అయిపోయింది, నాకు పొయ్యి కాడ పని ఉన్నది" అని అబద్ధం చెప్పినాను. ఆమె తిప్పింది. చేయి గుండ్రంగానే తిరిగింది. అట్లనే ఎండలో పరిచిన మిరపకాయలను కూర్చొని తిరగేసి, లేచి, ఇంకొక దిక్కు కూర్చోమన్నాను. బావిలో సగం బొక్కెన తోడమన్నాను. తరువాత చెలకలో కంది కోసే కూలోళ్లకు చిన్న గిన్నెలో పచ్చడి పట్టుకపొమ్మన్నాను. బరువు ఉండొద్దని అన్నం మూట ముందే పంపేదాన్ని. ఆయాసం వచ్చిన రోజు ఆపినాను. పిడికెడు జొన్నలు నెల తిరిగేసరికి సోలెడు అయినవి.

4. మూడు నెలలు తిరిగేసరికి ఆమె కొప్పు ఆమెనే పెట్టుకొన్నది. గోడ పట్టకుండా లేచింది. పాదాల వాపు తీసింది. చెలక దాక పోయి రెండుసార్లు ఆగి వచ్చే మనిషి, ఒక్కసారి ఆగి వచ్చింది. నిద్ర పట్టింది. అన్నిటికంటె, ఒకనాడు కూరలో ఉప్పెక్కువైందని నాతో తగువు పెట్టుకొన్నది. మామ పోయినప్పటి నుంచి ఏది పెట్టినా మాట్లాడక తిన్న మనిషి. ఆ రోజు తిట్లు తిని నేను లోపలికి పోయి నవ్వుకొన్నాను.

5. కాని ఊరివారు చూసినది వేరు. అత్త ఇసురుతుంటే కోడలు పొయ్యి కాడ కూర్చున్నదని, అత్త చెలకకు నడుస్తుంటే కోడలు ఇంట్లో ఉన్నదని చూసినారు. బావి కాడ ఆడవాళ్లు ఆమెను "ఏం రుక్కమ్మా, కోడల్ని తెచ్చుకున్నవా, కోడలి కాడ జీతమున్నవా?" అన్నారు. ఆమె "జీతమియ్యదు గని కడుపునిండ పెడ్తది" అన్నది. అది నవ్వులాట మాట. ఊరు తిరిగేసరికి నవ్వులాట పోయి మాట మిగిలింది.

6. ఆ మాట కోదాడ చేరింది. అక్కడ మా ఆడబిడ్డ లచ్చమ్మ కాపురం. పదకొండు రోజుల కింద ఆమె వచ్చేసరికి అత్త బావి కాడ బొక్కెన పట్టుకొని ఉన్నది. వదినె ఆ తాడు గుంజుకొని ఏడ్చింది. "మా అమ్మ పుట్టినకాడి నుంచి చాకిరీయే చేసింది. ఇప్పుడన్నా కూర్చోబెట్టి తినిపించే దిక్కు లేదనుకున్నావా?" అన్నది. నేను డాక్టరు గారు చెప్పినారు అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

వదినె చెడ్డది కాదు. ఆ రోజు నుంచి తల్లిని మంచం దిగనిచ్చుట లేదు. పాలు కాచి నోటికి అందిస్తది, కాళ్లు పిసుకుతది, తల దువ్వుతది. తల్లి మీద ప్రేమతోనే చేస్తున్నది. పదకొండు రోజులకు పాదాలు మళ్లీ ఉబ్బినవి. నిన్న అత్త మళ్లీ గోడ పట్టుకొని లేచింది. నేను వాపు చూపెడితే వదినె "నువ్వు చేయించిన చాకిరీ ఇప్పుడు బయటపడుతోంది" అన్నది.

7. ఆదివారం వదినె పెద్దమనుషులను పిలిపించింది. పెద్దమనిషి ఉప్పలయ్య మా అరుగు మీద కూర్చొని నన్ను అడిగినాడు. "డాక్టరు చెప్పిండంటున్నవ్. కాగితమేది బిడ్డా?"

"లేదు."

"మరి ఏ డాక్టరన్న ముసలిదానితోని జొన్నలు ఇసిరిపియ్యుమంటడా? గట్లయితె నా భార్యకు గూడ రాసియ్యుమను, పని తప్పించుకునెటందుకు మోకాలు నొప్పంటున్నది."

అందరు నవ్వినారు. మా అత్త లోపలి నుంచి "నా అంతట నేనే ఇసిరిన, పిల్లనేమనకుండ్రి" అన్నది. ఆయన తల ఊపి "సూసిండ్రా, ఎంత బెదిరిచ్చి పెట్టిందో" అన్నాడు. ఆ పైన ఆమె ఏమి చెప్పినా నా మీదికే వచ్చింది.

తీర్పు ఏమనగా, శుక్రవారం లోపల డాక్టరు కాగితం చూపెట్టవలెను. లేనిచో అత్తను వదినె కోదాడ తీసుకపోవలెను, నేను నా తల్లిగారింటికి పోవలెను. అంతవరకు నేను గడప దాటరాదు. వదినె వచ్చిన నాడే నా పెనిమిటికి జాబు రాసినాను. "అక్క ఎట్లంటే అట్ల చెయ్యి" అని ఒక్క వాక్యం రాసి పంపినాడు.

నేను తల్లిగారింటికి పోతే బతుకుతాను. ఆమె కోదాడలో మంచం మీద ఎన్నాళ్లు బతుకుతదో తమరికి నాకంటె ఎక్కువ తెలుసు.

8. ఈ ఎనిమిదవది రాయకుండా ఉందామనుకొన్నాను. దాచితే మిగతావి కూడా అబద్ధమైపోతవని రాస్తున్నాను. నాకు ఇప్పుడు అయిదవ నెల. పుష్యమాసంలో రెండు రోజులు నాకు తల తిరిగి లేవలేకపోయినాను. ఆ రెండు రోజులు అత్త ఇసిరినది వైద్యం కొరకు కాదు, నా కొరకు. సోలెడుతో ఆపవలసినది, రెండు సోలలు అయినవి. నేను చూస్తూ ఆపలేదు. అప్పటి నుంచి బావి కాడ ఎవరేమన్నా, ఆ రెండు రోజుల తప్పుకు ఇది సరిపోతుందిలే అనుకొంటున్నాను. నా పని కొరకు తిప్పినప్పుడు కూడా ఆమె చేతికి మేలు అవుతుందా, లేక మేలు కొరకని తిప్పితేనే అవుతుందా, ఈ సంగతి తమరు దయచేసి తెలియజేయవలెను. అడుగుటకు నాకు ఇంకొకరు లేరు.

కావున తమరు పెద్దమనస్సు చేసి, పెద్ద వయస్సు వారు తమ శక్తి కొద్ది కదులుతూ ఉండవలెనని, కదలక కూర్చుంటే కీళ్లు, కాళ్లు, గుండె అన్నియు చెడునని, రుక్కమ్మకు ఇంటిపని రూపంలో ఇది సాగవచ్చునని, ఎంతవరకు చేయవచ్చునో ఎక్కడ ఆపవలెనో కూడా చేర్చి, ముద్ర వేసి కాగితం ఇప్పించ ప్రార్థన. ఎక్కువ అయినచోట ఆపుమని కూడా రాయవలెను. అది నాకు అవసరం. మా వదినెకు చదువు రాదు గనుక, చదివి వినిపించేవారికి అర్థమయ్యే తెలుగులో ఉండవలెను.

ఇంతకు మించి చెప్పుకొనుటకు ధైర్యం చాలదు. నా మొర చిత్తగించవలెనని చేతులు జోడించి,

తమ విధేయురాలు,
కస్తూరి

కింద వ్రాయునది, బుధవారం పొద్దున:

వదినె గరిడేపల్లిలో చుట్టాల ఇంటికి దినాలకు పోయింది, పొద్దుగూకి వస్తది. అర్జీ టపాలో వేస్తే శుక్రవారం లోపల అందదేమో అని కూర్చొని ఉంటే, అత్త మంచం దిగి వచ్చి ఏమి రాసినవో చదువుమన్నది. అంతా చదివినాను. ఎనిమిదవది కూడా చదివినాను.

"గా రెండు దినాలు నాకు తెల్వదా? నువ్వు దర్వాజ కాడ తల పట్టుకొని కూసున్నవ్. రెండో సోల నేనే పోసుకున్న. గది రాయకపోతివి" అన్నది. అందుకని రాస్తున్నాను.

ఆ తరువాత "టపా ఎందుకు, నేనే పట్టుకపోత" అన్నది.

"అత్తా, వద్దు. ఒక్కదాన్నే పట్నం తోలిందని మళ్ల నన్నే అంటరు."

"అననీ. ఇప్పుడు మెచ్చుకుంటున్నరా?"

ఆమెను ఆపుటకు నేను గడప దాటరాదు. ఆమెకు అది తెలుసు. కాబట్టి ఈ అర్జీ తమ చేతికి ఇచ్చిన మనిషే రుక్కమ్మ. పోయేటప్పుడు మిరపకాయలు అమ్మపోయే మా పక్కింటి జమున తోడున్నది. వచ్చేటప్పుడు ఎవరూ లేరు. కాగితంలో ఇంకొక మాట కూడా చేర్చవలెను: ఈమె తనంతట తాను వచ్చినది, కోడలు తోలలేదు అని.

తిరుగు బస్సు మూడు గంటలకు. దయచేసి అంతకు ముందే పంపించవలెను. బస్సు తప్పితే నడిచి వస్తానంటున్నది. ఏడు కోసుల దారి. అంత దూరం నడవజాలదు గాని, మొదలు పెడుతుంది.